రాగి అని చెప్పి అల్యూమినియం అంటగట్టారు: కంప్యూటర్‌కి నీళ్ళ కూలింగ్ కట్టుకున్న నా అనుభవం

ట్యూబులన్నీ మళ్ళీ బిగించి, నీళ్ళు నింపి, ఒక పెళ్ళి వీడియో రెండర్‌కి (ఎడిటింగ్ అయ్యాక ఫైనల్ వీడియో తయారవడానికి) పెట్టి ఇది రాస్తున్నాను. ప్రాసెసర్ 76 డిగ్రీల దగ్గర నిలబడింది. గదిలో 37 ఉంది. మే నెల బెజవాడ ఎలా ఉంటుందో ఇక్కడి వాళ్ళకి చెప్పనక్కర్లేదు.

నాది పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసే పని. ప్రాసెసర్ రైజెన్ 9 3900ఎక్స్, 12 కోర్లది. లెక్కప్రకారం 105 వాట్లదే గానీ, పూర్తి లోడ్ పడితే 142 దాకా లాగుతుంది. దాంతోపాటు వచ్చిన ఫ్యాన్ ఎండాకాలంలో చాలదు. 95 డిగ్రీలు తాకాక ప్రాసెసర్ తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. ముహూర్తాలు ముంచుకొచ్చే రోజుల్లోనే నాకీ తిప్పలు. రెడీమేడ్ లిక్విడ్ కూలర్లు దొరుకుతాయి, కానీ మామూలుగా వాటిలో పంపు పోతే మొత్తం పక్కన పడెయ్యాల్సిందే. ఏ ముక్క పాడైతే ఆ ముక్క మార్చుకునేలా ఉండాలని సొంతంగా కట్టాను.

వాటర్ బ్లాక్ అంటే ప్రాసెసర్ మీద కూర్చుని దాని వేడిని లోపల పారే నీళ్ళకి అందించే దిమ్మ. దాని పని సులువుగానే తెమిలింది. 10 మిల్లీమీటర్ల రాగి పలక కొని, ఆటోనగర్‌లో మిల్లింగ్ మెషీన్ ఉన్న చోట కాలువలు తీయించి, పైన అక్రిలిక్ మూత, మధ్యలో రబ్బరు రింగు వేయించాను. ఈ ప్రాసెసర్ కూర్చునే ఏఎమ్4 రకం మదర్‌బోర్డు మీద బోల్టు రంధ్రాల మధ్య దూరం ఒకవైపు 90, ఇంకోవైపు 54 మిల్లీమీటర్లు. ఆ కొలత కాగితం మీద గీసి ఇవ్వండి, నోటిమాటగా వదిలెయ్యొద్దు. బ్లాక్ అడుగుని గాజు పలక మీద ఎమెరీ పేపర్ పరిచి, 400 నుంచి 1200 నంబరు దాకా నేనే రుద్దుకున్నాను. పంపు ఎయిర్ కూలర్లలో వాడే 18 వాట్లది. ట్యూబులు, క్లిప్పులు వన్‌టౌన్‌లో దొరికాయి.

ఇక ఆ నీళ్ళ వేడిని గాలిలోకి వదిలే రేడియేటర్. కారు డ్యాష్‌బోర్డు లోపల హీటర్ కోర్ అని ఒక చిన్న రేడియేటర్ ఉంటుంది. కంప్యూటర్‌కి అది సరిగ్గా సరిపోతుంది, వెనక ఫ్యాన్ బిగిస్తే చాలు. పాత స్పేర్లు అమ్మే ఒక కొట్టుకి వెళ్ళి, "నా బ్లాక్ రాగిది, కాబట్టి ఇది కూడా రాగీ ఇత్తడిదే కావాలి" అని విడమరిచి చెప్పాను. "పక్కా రాగండి. పాడవకుండా నల్లరంగు మేమే కొట్టించాం" అన్నాడు ఓనరు. బిల్లు మీద మాత్రం "హీటర్ కోర్ ఒకటి" అని రాశాడు, అంతే.

కొన్నాళ్ళు బ్రహ్మాండంగా నడిచింది. తర్వాత ఉష్ణోగ్రత మెల్లగా పెరగడం మొదలైంది. 74 ఉండేది 80 అయింది, ఆపైన 90 దాటింది. ప్రాసెసర్‌కీ బ్లాక్‌కీ మధ్య పూసే థర్మల్ పేస్ట్ మార్చాను. ఫ్యాన్ దుమ్ము దులిపాను. పంపు విడిగా పెట్టి చూస్తే శుభ్రంగా నీళ్ళు తోడుతోంది. లెక్క చూస్తే నిమిషానికి లీటరు నీళ్ళు పారినా, 142 వాట్ల వేడికి నీళ్ళు పెరిగేది 2 డిగ్రీలే. మరి వేడి ఎక్కడ ఆగిపోతోంది? రాత్రుళ్ళు నిద్ర పట్టలేదు, అవతల పెళ్ళివాళ్ళు ఫోన్లు చేస్తున్నారు. చివరికి నీళ్ళు నింపే డబ్బా మూత తీసి వెలుతురులో చూస్తే నీళ్ళు బియ్యం కడిగిన నీళ్ళలా ఉన్నాయి. బ్లాక్ విప్పితే కాలువల నిండా తెల్లటి జిగురు.

రాగి, అల్యూమినియం ఒకే నీళ్ళలో ఉంటే ఆ రెండూ కలిసి బ్యాటరీ సెల్ అవుతాయి. తినేసేది అల్యూమినియాన్నే. అది కరిగి తెల్లటి హైడ్రాక్సైడ్‌గా మారి, సన్నటి కాలువల్లో పేరుకుంటుంది. కారు కూలెంట్ కలిపితే ఈ పని నెమ్మదిస్తుంది గానీ ఆగదు. నా బ్లాక్ రాగిదని నాకు తెలుసు. అంటే తేడా హీటర్ కోర్‌లోనే ఉంది.

దాన్ని పట్టుకుని కొట్టుకి వెళ్ళాను. ఓనరు చేతిలోకి కూడా తీసుకోలేదు. "ఒరేయ్, ఇటు రండ్రా, ఈయన కంప్యూటర్‌కి నీళ్ళు పోశాడంట!" అని పక్క కొట్ల కుర్రాళ్ళని పిలిచాడు. అందరూ చుట్టూ మూగారు. "కారు సామాను కారుకే పెట్టాలండి, ఇంట్లో పెట్టుకుని మా మీదకొస్తే ఎలా?" అన్నాడు. నేనడిగింది ఒక్కటే: రాగి అని ఎందుకు చెప్పావు? దానికి జవాబు లేదు, నవ్వులే. నా వయసుకి, నా పనికి గౌరవం లేకుండా నడిరోడ్డు మీద నిలబెట్టారు. కొనేవాడికి వస్తువు గురించి తెలియకపోతే చెప్పాలి. తెలిసి అడిగితే నిజం చెప్పాలి. ఈ రెండూ చెయ్యనివాడు వ్యాపారి కాడు.

అదే వీధి చివర రేడియేటర్లకి టంకం వేసే ఒక పెద్దాయన ఉన్నారు. కోర్ చేతిలోకి తీసుకుని, బరువు చూసి, "ఇది అల్యూమినియం బాబూ" అన్నారు. చాకుతో రంగు గీకితే లోపల తెల్లగా మెరిసింది. రాగీ ఇత్తడిదైతే గీకినచోట ఎర్రగానో పచ్చగానో కనిపించాలని, ట్యాంకు అంచుల వెంట టంకం ఉండాలని చూపించారు. అయస్కాంతం పెట్టి లాభం లేదు, రాగికీ అల్యూమినియానికీ రెండిటికీ అంటుకోదు. ఆయన దగ్గరున్న పాత ఇత్తడి ట్యాంకుల కోర్ ఒకటి తీసి, ఒక మూతి బిగించి, రెండో మూతిలోంచి గాలి కొట్టి, నీళ్ళ తొట్టిలో ముంచారు. ఒక్క బుడగ రాలేదు. "కంప్యూటర్‌కా? మంచి ఆలోచన" అన్నారు, నవ్వకుండా. ఆటోనగర్‌లో నాకు దొరికిన పెద్దమనిషి ఆయనే.

బ్లాక్‌లో జిగురు వెనిగర్‌కి కరిగింది. నైలాన్ బ్రష్షుతో రుద్ది, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగాను. నింపడానికీ సీలు తియ్యని క్యాన్‌లో వచ్చే డిస్టిల్డ్ వాటరే తెచ్చుకోండి. బోరునీళ్ళు, కుళాయినీళ్ళు వద్దు. కంప్యూటర్ ఆపేసి, పంపు ఒక్కటే రాత్రంతా తిప్పి, ప్రతి అతుకు కింద టిష్యూ కాగితం పెట్టి తెల్లారి చూడండి. ఐస్ ముక్కలు వెయ్యమని ఎవరైనా చెబితే వినొద్దు. మన కోస్తా గాలిలో ఉన్న తేమకి చల్లబడ్డ బ్లాక్ చుట్టూ చెమ్మ పట్టి బోర్డు మీద కారుతుంది. పంపు ప్లగ్గు కంప్యూటర్ ఉన్న యూపీఎస్‌కే పెట్టండి, లేకపోతే కరెంటు పోయినప్పుడు నీళ్ళు ఆగిపోయి ప్రాసెసర్ మాత్రం నడుస్తూ ఉంటుంది. కారు కూలెంట్ విషం, ఇంట్లో పిల్లలుంటే దాని జోలికి పోవద్దు.

గ్రాఫిక్స్ కార్డుకి కూడా నీళ్ళు పెట్టమని తమ్ముడు అంటున్నాడు. ఈ ఒక్క కోర్ రెండింటి వేడినీ మొయ్యలేదు. రెండోది కావాలంటే ఆ పెద్దాయన దగ్గరికే వెళ్తాను, అదీ ఈ సీజను పెళ్ళిళ్ళన్నీ డెలివరీ ఇచ్చాకే.