గుర్రుమన్నందుకు

ఎర్రకుక్క పిల్లలు ఇవాళ కళ్ళు తెరిచాయి. అసలు అది రాద్దామనే కూర్చున్నాను. కానీ సాయంత్రం ఎదురింటాయన దాన్ని కర్రతో రెండు దెబ్బలు వేశాడు, అదే మనసులో తిరుగుతోంది.

ఆయన మనవడు పిల్లల దగ్గరికి పోయాడు. ఇది బిర్రబిగుసుకుని నిలబడింది. వీపు మీద వెంట్రుకలు లేచాయి, పైపెదవి ఎత్తి గుర్రుమంది. అంతే. "కరవలేదు కదండీ" అంటే, "కరిచేదాకా చూస్తా ఉండమంటావా అమ్మా" అన్నాడు. అప్పుడు నోట మాట రాలేదు. కరవకుండా ఉండటానికే కదా అది గుర్రుమనేది! దానికీ కొడితే ఆ గుర్రు మానేస్తుంది. ఈసారి చప్పుడు లేకుండా కరుస్తుంది.

మద్దిపాడు దగ్గర అమ్మమ్మవాళ్ళ ఊళ్ళో, ఎండాకాలం సెలవుల్లో, చెరువుకట్ట మీద తాతయ్య ఒంగోలు గిత్తకు ఊరి ఆంబోతు ఎదురైంది. కుమ్ముకుంటాయనుకున్నాను. రెండూ పక్కకు తిరిగి, మూపురం, గంగడోలు అంతా కనబడేలా నిలబడ్డాయి. మెడ వంచి రంకె వేశాయి. ముందు కాలి గిట్టతో తవ్విన మట్టి ఆంబోతు పొట్ట మీద పడుతోంది. కాలు దువ్వడమంటే ఏందో ఆ రోజే చూశాను. తాతయ్య నన్ను చింతచెట్టు వెనక్కి లాగి, "కొలుచుకుంటుండాయి, కదలబాక" అన్నాడు. చాలాసేపటికి మా గిత్త తల పక్కకు తిప్పి గడ్డి మేయసాగింది. ఆంబోతు తన దారిన పోయింది. చుక్క నెత్తురు లేదు.

మనుషులకు లేని మంచితనం వాటికుందని చాలా ఏళ్ళు నమ్మాను. అదీ కాదు. 1973లో జాన్ మేనార్డ్ స్మిత్, జార్జ్ ప్రైస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు లెక్కలు కట్టి చూపించారు: అవి ఆగేది తమ జాతి మేలు కోసం కాదు. ప్రతిసారీ చివరిదాకా తెగబడేదానికి గాయాలే ఎక్కువ మిగులుతాయి, అందుకని. అది తెలిశాక నాకు వాటిమీద గౌరవం పెరిగిందే గానీ తగ్గలేదు.

ఇంత రాశాక ఆయన చెయ్యి గుర్తొస్తోంది. కర్ర పట్టుకున్న చెయ్యి వణుకుతోంది. నాలుగేళ్ళ పిల్లాడు, వాడి మొహం సరిగ్గా కుక్క నోటి ఎత్తులో ఉంది. నేనైనా వీధిలో అంత గొంతు లేపకుండా ఉండాల్సింది. పొద్దున వెళ్ళి నెమ్మదిగా చెప్పాలి, ముందు పిల్లాడికి, గుర్రుమంటే వెనక్కి రావాలని.

అయినా ఆ రెండో దెబ్బ ఎందుకు? అప్పటికే అది తోక ముడిచి, చెవులు వెనక్కి వాల్చేసింది కదా.

గేటు దగ్గర పెట్టిన పెరుగన్నం అలాగే ఉంది. చీమలు పట్టాయి.