రాసియ్యండి సార్

పోయిన నెల గాజువాక నుంచి ఫోనొచ్చింది.

"సార్, పాప ఇంటర్ పాసైపోనాది. కబడ్డీ బాగా ఆడతాది గదా, ఓ కాలేజీవోళ్లు అడుగుతన్నారు. ఆదివారం ఆళ్ల పీడీ సారు ఇంటికొత్తానన్నారు. మీరు కూడా ఓపాలి వచ్చి కూకోండి సార్."

పేరు చెప్పకముందే గొంతు పట్టేశాను. దాదాపు ముప్పై ఏళ్ల కిందట నా చేతిలోంచి జారిపోయిన లెఫ్ట్ రైడర్, ఎడమవైపు నుంచి కూతకెళ్లే కుర్రాడు. వస్తానన్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అతనికి జరిగిందీ, 2024లో అమెరికాలో మా అమ్మాయి ఇంట్లో ఉన్నప్పుడు నేను చూసిందీ ఒకదాన్నొకటి పట్టుకుని బుర్రలో తిరుగుతూనే ఉన్నాయి. అందుకే ఇది రాస్తున్నాను.

విశాఖలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ముప్పై ఒక్క ఏళ్లు ఫిజికల్ డైరెక్టరుగా, అంటే పీడీగా, చేసి 2019లో రిటైరయ్యాను. సంక్రాంతి మూడు రోజులూ నేనెప్పుడూ ఇంట్లో లేను. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఊళ్లలో పండక్కి కబడ్డీ పోటీలు పెడతారు. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో తెల్లవారుజామున బస్సెక్కి, కళ్లంలో మట్టి కోర్టు పక్కన సాయంత్రం దాకా నిలబడేవాణ్ణి. కుర్రాడి కండలు నేను పెద్దగా పట్టించుకునేవాణ్ణి కాదు. కూతకెళ్లినవాడు వెనక్కి తిరిగేటప్పుడు పాదం ఎక్కడ పెడుతున్నాడో చూసేవాణ్ణి. మడమ మీద తిరిగేవాడు పట్టుబడతాడు. మునివేళ్ల మీద తిరిగేవాడు వచ్చేస్తాడు.

1996లో ఎచ్చెర్ల వైపు ఒక ఊళ్లో ఆ కుర్రాణ్ణి చూశాను. మునివేళ్ల మీద తిరగడమే కాదు, అవతలివాడి చెయ్యి కదలకముందే అది ఎటు కదులుతుందో తెలిసినట్టు ఉండేవాడు. ఆట అయ్యాక వాళ్లింటికి వెళ్లాను. తాటాకిల్లు, అరుగు మీద కూచోబెట్టారు. ఫీజు ఉండదు, హాస్టల్లో సీటిప్పిస్తాను, పొద్దున్న రాగిజావ, రెండు గుడ్లు, గ్లాసుడు పాలు, డిగ్రీ అయ్యేసరికి స్పోర్ట్స్ కోటాలో రైల్వేకో పోర్టుకో పంపిస్తాను అన్నాను. వాళ్ల నాన్న అంతా విని, "మీరు సెప్పింది బాగున్నాది బాబూ. కానీ అప్పులోడు గుమ్మంలో కూకున్నాడు" అన్నాడు.

పది రోజుల తర్వాత విశాఖలోనే ఉన్న ఇంకో కాలేజీవాళ్లు వెళ్లి కవర్లో ఎనిమిది వేలు పెట్టి ఇచ్చారు. ఆ రోజుల్లో అది నా నెల జీతం కంటే ఎక్కువ. కుర్రాడు అక్కడ చేరిపోయాడు. నాకు ఒళ్లు మండింది. డబ్బులిచ్చి పిల్లల్ని కొంటారా, ఇదేం న్యాయం అని స్టాఫ్ రూములో వారం రోజులు అరిచాను. నా కోపం న్యాయమైనదేనని ఇరవై ఏళ్లకు పైగా నమ్మాను. ఇప్పుడు నమ్మడం లేదు.

2024లో శీతాకాలం ముందు మేమిద్దరం కొలంబస్‌లో మా అమ్మాయి దగ్గర ఉన్నాం. అది ఓహియో స్టేట్ యూనివర్సిటీ ఉన్న ఊరు. శనివారం వస్తే వీధంతా ఎరుపు, బూడిద రంగు చొక్కాలే. వాళ్ల ఫుట్‌బాల్ మన ఫుట్‌బాల్ కాదు. కోలగా ఉండే బంతి, తలకి హెల్మెట్, భుజాలకి ప్యాడ్లు. మా అల్లుడుగారు పక్కన కూచుని టీవీలో రూల్స్ చెబుతుంటే నాకు మాత్రం కబడ్డీయే కనపడింది. ఒకడు గీత దాటాలి, మిగతావాళ్లు వాణ్ణి పట్టి పడెయ్యాలి. నడుం పట్టా, మోకాలి పట్టా, చీలమండ పట్టా అని నాలో నేనే చెప్పుకుంటూ చూశాను. స్టేడియంలో లక్ష మందికి పైగా కూచుంటారు. మన మధురవాడ క్రికెట్ స్టేడియం మూడుసార్లు నిండినా ఇంకా జనం మిగులుతారు. ఆడేది కాలేజీ పిల్లలు.

ఇంత జనం, ఇన్ని టీవీ డబ్బులు, మరి ఆ పిల్లలకి ఏమిస్తారు అని అడిగాను. అల్లుడుగారు చెప్పింది విని నేను లేచి కూచున్నాను. అక్కడ కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ అనే సంఘం 1906 నుంచీ ఉంది. ఆడేవాడు విద్యార్థి, పనివాడు కాడు, కాబట్టి ఫీజు, హాస్టలు, తిండి తప్ప పైసా ఇవ్వకూడదన్నది చాలాకాలం దాని మాట. ఇస్తే శిక్ష. టెక్సస్‌లో సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ ఆటగాళ్లకి చాటుగా డబ్బులిస్తోందని తేలినప్పుడు 1987 సీజన్ మొత్తం రద్దు చేశారు. ఆ మరుసటేడూ ఆ జట్టు ఆడలేదు.

పిల్లలకి ఇవ్వకూడని డబ్బు మరి ఎటు పోయింది? కోచ్‌లకి పోయింది, భవనాలకి పోయింది. 2023 నవంబరులో టెక్సస్ ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీ వాళ్లు తమ కోచ్ జింబో ఫిషర్‌ని తీసేశారు. ఒప్పందం ప్రకారం ఆయనకి కట్టాల్సింది 7.5 కోట్ల డాలర్ల పైనే. పనిలోంచి తీసేసినందుకు! క్లెమ్సన్ యూనివర్సిటీ 2017లో 5.5 కోట్ల డాలర్లతో ఫుట్‌బాల్ ఆటగాళ్లకి ఒక భవనం కట్టించింది. అందులో మినీ గోల్ఫ్ ఉంది, పై అంతస్తు నుంచి కిందికి జారుడుబల్ల ఉంది. కుర్రాడు చూడ్డానికి వచ్చినప్పుడు మనసు పారేసుకోవాలి కదా, అందుకు. జారుడుబల్ల కట్టించొచ్చు, ఆ డబ్బు కుర్రాడి చేతిలో పెడితే మాత్రం తప్పు. ఆ తాటాకింటి అరుగు, ఆ కవరు, అప్పుడు నాకు గుర్తొచ్చాయి.

2021లో ఈ గోడ బీటలు వారింది. జూన్ 21న అమెరికా సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది జడ్జీలూ ఒక్కమాట మీద, చదువుకి సంబంధించిన సాయం మీద ఎన్‌సీఏఏ పెట్టిన పరిమితులు చెల్లవన్నారు. జస్టిస్ కావనా విడిగా ఇంకో మాట రాశారు. పనివాళ్లకి న్యాయంగా రావాల్సింది ఇవ్వకూడదని కూడబలుక్కుని దాన్నే తమ వ్యాపారం గొప్పతనంగా చెప్పుకోవడం ఇంకెక్కడా సాగదని దాని సారాంశం. పది రోజులకి, జూలై 1 నుంచి, ఆటగాడు తన పేరు మీద, తన బొమ్మ మీద డబ్బు సంపాదించుకోవచ్చని తలుపు తీశారు. డబ్బున్న పూర్వవిద్యార్థులు కలిసి 'కలెక్టివ్'లు పెట్టి పిల్లలకి డబ్బులివ్వడం మొదలైంది. తర్వాత ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన హౌస్ కేసులో 2025 జూన్ 6న జడ్జి క్లాడియా విల్కెన్ ఒప్పందానికి ఆమోదం తెలిపారు. ఆ జూలై నుంచి యూనివర్సిటీలే నేరుగా ఆటగాళ్లకి పంచొచ్చు. ఒక్కో యూనివర్సిటీకి మొదటేడు పరిమితి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు, మన లెక్కలో 170 కోట్ల రూపాయల పైమాట. పాతవాళ్లకి నష్టపరిహారంగా పదేళ్లలో 280 కోట్ల డాలర్లు.

ఇక్కడే నాలాంటి వాళ్లందరూ అడిగే ప్రశ్న: డబ్బులివ్వొచ్చు అంటే పెద్ద యూనివర్సిటీలు మంచి పిల్లలందర్నీ ఎగరేసుకుపోవా? మా వాకింగ్ మిత్రుడొకాయన, పోర్టులో వాలీబాల్ ఆడి రిటైరైనాయన, ఆర్కే బీచ్‌లో నాతో ఇదే వాదన వేసుకున్నాడు. "చిన్న కాలేజీ బతకదోయ్" అన్నాడు.

ఆయనకి చెప్పిందే ఇక్కడా చెబుతాను. డబ్బులివ్వని రోజుల్లో మాత్రం ఎవరు గెలిచారు? 2014లో అక్కడ కప్పు కోసం నాలుగు జట్ల ప్లేఆఫ్ మొదలైంది. పేరు మీద సంపాదన మొదలయ్యేలోపు జరిగిన ఏడు సీజన్లలో అలబామా ఆరుసార్లు, క్లెమ్సన్ ఆరుసార్లు అందులో ఆడాయి. మంచి పిల్లలు అప్పుడూ వాళ్ల దగ్గరికే పోయారు. స్కాలర్‌షిప్పులు 85కి మించకూడదన్న లెక్క ఉన్నా, ఆ 85లో చాలామంది బెంచీ మీదే ఉండిపోయేవాళ్లు. జట్టు మారితే ఒక ఏడాది ఆడకుండా కూచోవాలనే నిబంధన వాళ్లని అక్కడే కట్టిపడేసేది. 2021లో అదీ సడలింది. ఇప్పుడు బెంచీ మీదున్నవాడు చిన్న జట్టుకి వెళ్లి ఆడుకుంటున్నాడు. అలాంటి చిన్న జట్టే వాండర్‌బిల్ట్, 2024 అక్టోబరు 5న 40-35తో అలబామాని ఓడించింది. అలబామా అప్పుడు దేశంలో నంబర్ వన్ ర్యాంకు జట్టు. వాండర్‌బిల్ట్ క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి ఆట నడిపేవాడు, డియెగో పావియా న్యూ మెక్సికో స్టేట్ నుంచి మారి వచ్చినవాడు. మేం కొలంబస్‌లో ఆ రాత్రి టీవీ ముందు నుంచి లేవలేదు.

అలాగని న్యాయం దిగివచ్చేసిందని నేననను. ఆ సీజన్ చివర 2025 జనవరిలో కప్పు గెలిచింది ఓహియో స్టేటే. ఆటగాళ్ల మీద సుమారు 2 కోట్ల డాలర్లు వెచ్చించినట్టు వాళ్ల అథ్లెటిక్ డైరెక్టరే చెప్పారు. పరిమితి అందరికీ ఒకటే అయినా, ఆ పరిమితి దాకా వెళ్లగలిగేవాళ్లు కొందరే. చిన్న యూనివర్సిటీ రెండేళ్లు పెంచిన కుర్రాణ్ణి మూడో ఏడు పెద్దది పట్టుకుపోతుంది. ఆ బాధ నాకు తెలుసు. నేను తయారుచేసిన పిల్లలు నా జట్టుకి ఎదురుగా నిలబడి కూతకొచ్చిన రోజులున్నాయి. కానీ ఆ బాధ నాది. దాని కోసం కుర్రాణ్ణి కట్టెయ్యమని ఎలా అడుగుతాను?

నాకు అసలు భయం ఇంకోచోట ఉంది. జేడెన్ రషాడా అనే కుర్రాడు కాలిఫోర్నియావాడు, క్వార్టర్‌బ్యాక్. ఫ్లోరిడా యూనివర్సిటీకి ఆడితే 1 కోటి 38 లక్షల డాలర్ల పైన ముడుతుందని మాటిచ్చారు. ఆ డబ్బు రాలేదు. వేరే యూనివర్సిటీకి వెళ్లిపోయాడు, 2024 మేలో కోర్టుకెక్కాడు. ఆ వార్త చదువుతుంటే నా లెఫ్ట్ రైడర్ కళ్లముందు నిలబడ్డాడు. డబ్బు తీసుకోవడం వల్ల ఆ పిల్లలు పాడవలేదు. మాట మారడం వల్ల పాడయ్యారు.

మా కుర్రాడి కథలో మిగిలింది ఇది. రెండో ఏడు ఆంధ్రా యూనివర్సిటీ గ్రౌండులో ఇంటర్ కాలేజియేట్ ఫైనల్. మా మీదే ఆడుతున్నాడు. కూతకొచ్చాడు, మా క్యాచర్ చీలమండ పట్టాడు, ఇంకొకడు పై నుంచి పడ్డాడు. మోకాలు తిరిగిన చప్పుడు సైడ్ లైన్ దగ్గర నాకు వినిపించింది. ఎండు కొమ్మ విరిగినట్టు. కూత మాత్రం ఆపలేదు ఆ పిల్లాడు, నేల మీద పడి కూడా కబడ్డీ కబడ్డీ అంటూనే గీత వైపు చెయ్యి చాపాడు. ఆ కాలేజీ ఎక్స్‌రేకి డబ్బిచ్చింది. అంతే. జూన్‌లో మూడో ఏడు ఫీజు కట్టమన్నారు. కట్టలేకపోతే పాత ఫీజుతో కలిపి బాకీ అన్నారు, టీసీ ఆపేశారు. ఎనిమిది వేలకీ కాగితం లేదు, ఫీజు మాఫీకీ కాగితం లేదు. నాకు తెలిసేసరికి రెండు నెలలైంది. అప్పటికే గాజువాకలో ఒక వెల్డింగ్ షాపులో పనికి కుదిరిపోయాడు.

నేను వేరే రకం మనిషినని చెప్పుకోలేను. నేనిచ్చిందీ నోటిమాటే. మా హాస్టల్లో ఒక ఏడు డిసెంబరులో గుడ్లు, పాలు ఆపేశారు, మేనేజ్‌మెంటు కుదరదంది. నా మాట నమ్మి వచ్చిన పదకొండుమంది పిల్లలు పొద్దున్నే ప్రాక్టీసు అయ్యాక గిన్నెలు పట్టుకుని నా వైపు చూశారు. నెలాఖరు దాకా నా జేబులోంచి గుడ్లు తెచ్చాను, ఆ తర్వాత తేలేకపోయాను. ఆ గిన్నెలు ఇప్పటికీ కలలోకొస్తాయి.

ఆడపిల్లల సంగతి కూడా ఒక మాట చెప్పాలి. అమెరికాలో ఆ 2 కోట్లలో ఎక్కువ భాగం ఫుట్‌బాల్ కుర్రాళ్లకే పోతోంది. పాత పరిహారంలో తమ వాటా అన్యాయంగా తగ్గిందని కొందరు క్రీడాకారిణులు అప్పీలుకి వెళ్లారు. చదువులో ఆడా మగా తేడా కూడదని అక్కడ 1972లోనే చట్టం చేశారు, వాళ్లు దాన్ని చూపించి అడిగారు. మా కాలేజీలో అబ్బాయిలకి ట్రాక్ సూట్లు, అమ్మాయిలకి అరటిపళ్లు. అడగడానికి వాళ్లకు ఏ చట్టమూ చూపించలేకపోయాను నేను.

ఆదివారం గాజువాక వెళ్లాను. లెఫ్ట్ రైడర్‌కి జుట్టు నెరిసింది, మెట్లెక్కేటప్పుడు ఆ కాలు ఇప్పటికీ ఆలస్యంగా వస్తుంది. కూతురు టీ తెచ్చి గుమ్మం దగ్గరే నిలబడింది. నిలబడ్డం మునివేళ్ల మీదే. వచ్చిన పీడీ కుర్రవాడు, ముప్పై ఏళ్లుంటాయి, మర్యాదస్తుడు. ఫీజు మాఫీ, హాస్టలు, నెలకి మూడు వేలు చేతి ఖర్చు, రెండు జతల బూట్లు అన్నాడు. నేను ఒకప్పుడు చెప్పినట్టే, కళ్లలోకి చూసి చెప్పాడు.

లెఫ్ట్ రైడర్ లేచి లోపలికెళ్లి కూతురి లాంగ్ నోట్‌బుక్కులోంచి ఒక తెల్ల కాయితం చింపి, పెన్ను దానిమీద పెట్టి అతని ముందుంచాడు.

"రాసియ్యండి సార్."

అతను నా వైపు చూశాడు. నేను ఏమీ అనలేదు. ఫీజు అని రాశాడు, హాస్టలు అని రాశాడు, మూడు వేలు అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాశాడు. "దెబ్బ తగిలితే ఏటి?" అన్నాడు లెఫ్ట్ రైడర్. "దెబ్బ తగిలి ఆడలేకపోయినా మూడేళ్లూ ఫీజు మాదే అని రాయండి. ఆస్పత్రి కూడా."

పెన్ను ఆగింది. అది మేనేజ్‌మెంటుని అడగాలండి, అడిగి చెబుతాను అన్నాడా అబ్బాయి. ఆ ఒక్క లైనుకీ చోటు వదిలి కింద సంతకం పెట్టకుండా కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇంకా ఫోను రాలేదు. అమ్మాయి రోజూ పొద్దున్న స్టీల్ ప్లాంట్ గ్రౌండుకి ప్రాక్టీసుకి వెళ్తోంది.