నాలుగున్నర శ్రుతి, నల్ల టేపు

ఫిబ్రవరిలో ఒక శనివారం రాత్రి, ప్రోగ్రాం అయ్యి వైర్లు చుట్టుకుంటుంటే, మా బ్యాండ్ పెద్దాయన జేబులోంచి నల్ల కరెంటు టేపు తీశాడు. చిన్న ముక్క పళ్ళతో కొరికి నా కీబోర్డు మీద, వేళ్ళు మార్చకుండానే శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్‌కి అంటించాడు. "వచ్చే వారం కూడా రా. దీన్ని మాత్రం ముట్టుకోకు" అన్నాడు, అంతే. తిట్టినా బాగుండేది. తెనాలి, నరసరావుపేట పందిళ్ళలో ఇరవై రెండేళ్ళు వాయించినవాణ్ణి, మా అమ్మాయి ఈడు పిల్లలు డ్రమ్ములు విప్పుకుంటూ చూస్తుండగా జరిగింది ఇది.

తప్పు నాదే, ఒప్పుకుంటాను. మూడో పాటకి మూడు మెట్లు పైకి పెట్టి, పాటయ్యాక సున్నాకి తేవడం మర్చిపోయాను. నాలుగో పాట మొదలుపెట్టేసరికి వాళ్ళు నలుగురూ ఒక ఊళ్ళో ఉన్నారు, నేను ఇంకో ఊళ్ళో ఉన్నాను. డాన్సు చేస్తున్న ముసలి దంపతులు ఆగి మరీ చూశారు. మన దగ్గరైతే ఇది తప్పుగా తేలేదే కాదు. కీబోర్డు ఎక్కడుంటే అదే శ్రుతి, గాయకుడే సర్దుకుంటాడు.

అమెరికాలో, నాష్‌విల్‌కి ముప్పావుగంట దూరంలో ఒక గోదాములో పెట్టెలు సర్దే పని నాది. మా అక్క పెట్టిన వీసా పిటిషన్ మీద పదమూడేళ్ళు ఎదురుచూసి వచ్చేసరికి నాకు 49 నిండాయి. ఆర్కెస్ట్రాలో వాయించానని చెబితే గోదాము మేనేజరు బొంబాయి ఫిల్హార్మోనిక్ ఏదో అనుకున్నాడు. వినాయక చవితి పందిరి అతనికి ఎలా చెప్పను? ఫోర్క్‌లిఫ్ట్ నడిపే కుర్రాడికి మాత్రం ఎలాగో అర్థమైంది. అతను పెద్దాయన బ్యాండులో బేస్ గిటార్ వాయిస్తాడు. పెద్దాయన మణికట్టుకి ఆపరేషనయింది, కట్టుతో పాడటానికే వస్తున్నాడు, కీబోర్డుకి మనిషి కావాలన్నాడు. అలా చేరాను.

మొదటి రోజే ఒక కాగితం చేతిలో పెట్టారు. 1, 4, 5, పక్కన చిన్న గీత పెట్టిన 6. పాట శ్రుతిని ఒకటిగా లెక్కేసి, ఎన్నో స్వరం మీద కార్డు (కలిపి మోగించే స్వరాల గుత్తి) పట్టాలో చెప్పే అంకెలివి. నాష్‌విల్ నంబర్ సిస్టమ్ అంటారు దీన్ని. 1950ల చివర్లో జోర్డనేర్స్ గాయక బృందంలోని నీల్ మాథ్యూస్ మొదలుపెడితే, చార్లీ మెకాయ్ స్టూడియో వాద్యకారుల్లో వ్యాపింపజేశాడు. గాయకుడు శ్రుతి మార్చమన్నా కాగితం మార్చక్కర్లేదు, ఒకటి ఎక్కడుందో చెబితే చాలు. చూసి నవ్వొచ్చింది నాకు. మన షడ్జం, అదే 'స', చేసేదీ అదేగా! కానీ నా తలలో అంకెలు వేరు, మన లెక్కలో అంకె అంటే శ్రుతి పేరే. ఒకటంటే సి, నాలుగంటే ఎఫ్, ఐదున్నరంటే జి షార్ప్. పాట ఏ శ్రుతిలో ఉన్నా, పెద్దాయన "వన్" అని అరిస్తే నా వేలు సి మీదికే పోయేది.

ఆ టేపు గురించి వారమంతా పెట్టెలు సర్దుతూ ఆయనతో మనసులో వాదించాను. అయ్యా, మాకు రిహార్సలుండదు. గాయని స్టేజీ ఎక్కాక "అన్నా, నాకు ఐదున్నర" అంటుంది. వయొలిన్లు, ఫ్లూటు, షెహనాయి, అన్నీ నేనే. పైగా గమకం, అదే స్వరాన్ని జార్చడం, ఊపడం, వేలికి అంటుకుని ఉంటుంది. ఎడమచేత్తో పిచ్ వీలు తిప్పుతూ సి లో సాధించిన జారుడు, ఎఫ్ షార్ప్‌లో వేళ్ళు మారగానే విరిగిపోతుంది. మా వీణకీ వయొలిన్‌కీ శ్రుతి ఒకసారి చేస్తే షడ్జం కదలదు. స్కేల్ ఛేంజర్ హార్మోనియం అయితే మెట్లన్నీ మొత్తంగా పక్కకి జరుగుతాయి. ఇందులో సిగ్గుపడాల్సిందేముంది? అంతెందుకు, మీ పాటల రచయిత ఇర్వింగ్ బెర్లిన్ జీవితమంతా ఎఫ్ షార్ప్‌లోనే వాయించాడు, అంటే మా లెక్కలో నాలుగున్నర. మిగతా శ్రుతులకి పియానో కింద మీట తిప్పేవాడు. ఆ పియానోల్లో ఒకదాన్ని మీరే స్మిత్సోనియన్ మ్యూజియంలో పెట్టుకున్నారు!

ఈ చివరి పాయింటు శుక్రవారం రాత్రి దొరికింది. శనివారం వ్యాన్‌లో నిజంగానే అనేశాను. పెద్దాయన గట్టిగా నవ్వాడు. "బెర్లిన్ పక్కన గిటారిస్టు లేడుగా" అన్నాడు.

అప్పుడు తట్టింది. పాట తెలియనప్పుడు మా గిటారు కుర్రాడు నా ఎడమచెయ్యి చూసి కార్డు పట్టుకుంటాడు. నా చెయ్యి సి లో, శబ్దం ఇ ఫ్లాట్‌లో. పాపం ఆ పిల్లాడికి నేను దొంగలెక్క చూపిస్తున్నానన్నమాట.

దారిలో పెద్దాయన తన సంగతి చెప్పాడు. పగలు కార్ల టైర్ల కొట్లో పని, రాత్రి వాయింపు, యాభై ఏళ్ళకి పైనే. టెనెసీ, కెంటకీ, అలబామా దాటలేదు. 1974లో అప్పు చేసి హామండ్ బి-3 ఆర్గన్ కొన్నాడట, సరిగ్గా ఆ ఏడాదే కంపెనీ దాని తయారీ ఆపేసింది. బల్లతో, పెడల్స్‌తో కలిపి 190 కిలోలకి పైమాటే. నలుగురు పట్టి హోటల్ మెట్లెక్కించాలి. దానికి ఈ బటన్ ఎక్కడిది? గాయకుడికి జలుబు చేస్తే అర మెట్టు దిగాలి. అందుకని రోజూ పొద్దున్నే చర్చి పాట ఒకటే, రోజుకో శ్రుతిలో వాయించేవాడట. పన్నెండు రోజులకి ఒక చుట్టు. మా గురువుగారు సరళీవరసలు మూడు కాలాల్లో చేయించారు, షడ్జం కదిపితే మాత్రం వీపు పగిలేది.

ఆయన్ని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాదు. "సార్" అంటాను. ఇక్కడి దక్షిణాది వాళ్ళకి ఆ మాట అలవాటే కాబట్టి చెల్లిపోతోంది. రాబడి మాత్రం ఐదుగురికీ సమానం. ఆరు వారాల కిందట వచ్చిన నాకూ, బ్యాండు పెట్టిన ఆయనకీ. మా ఊరి ఆర్గనైజర్లు గుర్తొచ్చి ఆ నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను.

ఉగాదికి తెలుగువాళ్ళ కార్యక్రమంలో ఎక్కువమంది ట్రాకుల మీదే పాడారు. లైవ్ కావాలన్నది ఒక్క అమ్మాయే. స్టేజీ ఎక్కి మైకు సవరించుకుంటూ "అంకుల్, నాకు నాలుగున్నర" అంది. ఆ నెలంతా తెల్లవారుజామునే లేచి ఒకే కృతిని శ్రుతులు మార్చి మార్చి వాయిస్తున్నాను, నాలుగున్నర రెండు చుట్లు అయింది కూడా. ఆ పిల్ల మొహం చూశాను, వాళ్ళ నాన్న ఫోన్లో వీడియో తీస్తున్నాడు. టేపు పీకి, బటన్ నొక్కాను.

పాటయ్యాక ముందు సున్నాకి తెచ్చాను. తర్వాత టేపు మళ్ళీ అంటిద్దామంటే జిగురు పోయింది. ఇంటికెళ్తూ డాలర్ కొట్లో ఆగి కొత్త చుట్ట కొన్నాను.