సన్నీవేల్‌లో మండువా ఇల్లు

అద్దెకు దిగిన కొత్తిల్లు వీడియో కాల్‌లో చూపిస్తే అమ్మ మొదటి మాట: "ఇదేంట్రా, వీధి వైపు కిటికీ కూడా లేదు, గోడౌన్‌లా ఉంది!" తలుపు తీసి ఫోన్ పైకి తిప్పాను. నడిమధ్యన కప్పు లేని ఏట్రియం, పైన ఆకాశం, చుట్టూ గాజు గోడల గదులు. "ఓరి, ఇది మా పుట్టింటి మండువాయే కదా!"

జోసెఫ్ ఐక్లర్ అనే బిల్డర్ 1950, 60ల్లో కాలిఫోర్నియాలో ఇలాంటి ఇళ్లు దాదాపు 11 వేలు కట్టాడు, అదీ మధ్యతరగతి వాళ్ల కోసం. (ఇప్పుడు మనలాంటి వాళ్లకి అద్దె తప్ప గతి లేదు లెండి.) నల్లవాళ్లకి ఇల్లమ్మడానికి చాలామంది బిల్డర్లు ఒప్పుకోని రోజుల్లో ఆయన రంగు చూడకుండా అమ్మాడు, నాకు గాజు గోడల కన్నా అదే నచ్చింది.

కాంక్రీట్ నేలలో వేడినీళ్ల పైపులుంటాయి, చలికాలం మా పాప సోఫా ఎక్కదు, నేల మీదే బోర్లా పడుకుని హోంవర్క్. అటక మాత్రం లేదు, కప్పు బల్లపరుపు, మొన్నటి వానకి కారింది.

"వానొస్తే మధ్యలో గంగాళం పెడుతున్నారా?" అనడిగింది అమ్మ.

పెట్టాం, కాకపోతే వంటింట్లో.