1.3 అంటే ఫెయిల్ కాదని ఒప్పించడానికి నాలుగు నెలలు

నిన్న సాయంత్రం ఎగ్జామ్ బ్రాంచి నుంచి, జర్మనీలో ఒక సెమిస్టరు చదివొచ్చిన మా విద్యార్థిని మార్కుల మెమో తెచ్చుకున్నాను. కోపం, సంతోషం రెండూ ఇంకా చల్లారలేదు. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

మాది ఆంధ్రలో ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయం. ప్రతి యూనివర్సిటీలో అంతర్జాతీయ వ్యవహారాల ఆఫీసు ఉండాలని యూజీసీ 2021లోనే మార్గదర్శకాలిచ్చింది. మా దగ్గర దానికి వేరే గది లేదు, గుమాస్తా లేడు. కెమిస్ట్రీ పాఠాలు చెప్పుకుంటూనే ఆ పని మోశాను.

జర్మనీలోని ఒక యూనివర్సిటీతో విద్యార్థుల ఎక్స్చేంజి ఒప్పందం తేలిగ్గానే కుదిరింది. ఆరు ఈమెయిళ్లు, రెండు జూమ్ మీటింగులు, వీసీ గారి సంతకం, ఫోటో. వాళ్లుండే బాడెన్-వూర్టెంబెర్గ్ రాష్ట్రంలో 2017 నుంచి మనలాంటి బయటి దేశాల పిల్లల దగ్గర సెమిస్టరుకు 1,500 యూరోలు వసూలు చేస్తున్నారు. ఎక్స్చేంజి మీద వెళ్తే ఆ ఫీజు ఉండదు. మిర్చి రైతు కూతురైన ఆ అమ్మాయికి అదెంత ఊరటో చెప్పక్కర్లేదు. వీసాకి పెద్ద ఇబ్బంది రాలేదు. మన నాలుగో సెమిస్టరు జనవరిలో మొదలైంది, ఆమె పరీక్షలేమో అక్కడ ఫిబ్రవరిలో. ఆ హాజరు గొడవ హెచ్‌ఓడీ గారి దగ్గరే తేలిపోయింది.

అసలు కథ ఆమె తిరిగొచ్చాక మొదలైంది.

జర్మనీలో 1.0 అంటే అన్నిటికన్నా పై గ్రేడు. 4.0 దాకా పాసు, 5.0 ఫెయిలు. మా అమ్మాయికి మెటీరియల్స్ కెమిస్ట్రీలో 1.3 వచ్చింది. ట్రాన్‌స్క్రిప్ట్ జతచేసి ఫైలు పంపితే వారంలో వెనక్కి వచ్చింది. పచ్చ సిరాతో రాశారు: "అభ్యర్థిని అన్ని సబ్జెక్టుల్లో తప్పింది. సప్లిమెంటరీ ఫీజు కట్టించవలెను."

వెంటనే ఆమెను వెంటబెట్టుకుని వెళ్లాను. ఫీజు కట్టే క్యూలో పదిమంది పిల్లలున్నారు. వాళ్లందరి ముందు ఆ అధికారి, "ఏంటి మేడమ్, అంత దూరం పంపి ఫెయిల్ చేయించుకొచ్చారా? ఇప్పుడు మమ్మల్ని పాస్ చేయమంటారా?" అన్నాడు. వెనక ఎవరో నవ్వారు. ఆ అమ్మాయి ట్రాన్‌స్క్రిప్ట్ ఉన్న ప్లాస్టిక్ కవరు అంచుని గోటితో గీకుతూ తలెత్తలేదు. ఇరవై రెండేళ్ల సర్వీసులో నాకంత అవమానం ఎప్పుడూ జరగలేదు.

జర్మనీ నుంచి వివరణ లేఖ తెప్పించాను. "రూల్ పొజిషన్ చూపించండి", అంటే ఏ రూలు ప్రకారమో చెప్పమన్నారు. 2022 యూజీసీ నిబంధనలు విదేశీ సంస్థలతో కలిసి నడిపే ట్విన్నింగ్, జాయింట్, డ్యూయల్ డిగ్రీల గురించని, మనది ఒక్క సెమిస్టరు చదువు మాత్రమేనని రాసిచ్చాను. ఫైలు ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కి తిరుగుతూనే ఉంది. ఈలోపు ఆమెకి వచ్చిన ఒక పీహెచ్‌డీ ఇంటర్వ్యూ మెమో లేనందువల్ల చేజారింది. దాన్ని ఎవరు తెచ్చిస్తారు?

చివరికి పరీక్షల కంట్రోలర్ గారి గదిలో తెల్లకాగితం మీద లెక్క వేసి చూపించాను. బయటి మార్కుల్ని తమ గ్రేడుల్లోకి మార్చుకోవడానికి జర్మనీ వాళ్లు వాడే బవేరియన్ సూత్రాన్నే తిరగేశాను. అక్కడ 1.0 నుంచి 4.0 దాకా తేడా 3. 1.3 అంటే అందులో పదో వంతు కిందికి. మన దగ్గర గ్రేడు పాయింట్లలో 10 నుంచి పాసయ్యే 4 దాకా తేడా 6, అందులో పదో వంతు 0.6. పదిలోంచి తీస్తే 9.4. క్రెడిట్లూ అక్కడే తేల్చాం: సెమిస్టరుకు వాళ్లకి 30, మనకి 20. ఆయన లెక్కల మాస్టారు, కాగితం వైపు రెండు నిమిషాలు చూసి సంతకం పెట్టారు. తర్వాత బోర్డ్ ఆఫ్ స్టడీస్ తీర్మానం, అకడమిక్ కౌన్సిల్ ఆమోదం.

మీరూ ఈ పనిలో ఉంటే గ్రేడులు మార్చే పట్టికని సంతకాల రోజే ఒప్పందానికి జతచేయించండి. ఎగ్జామ్ బ్రాంచి మనిషిని మొదటి మీటింగులోనే కూర్చోబెట్టండి. డెలిగేషన్ల పేరుతో విదేశాలు తిరిగొచ్చే పెద్దల మీద ఆశ పెట్టుకోకండి. మా దగ్గర పదకొండు ఒప్పందాలున్నాయి, విద్యార్థి వెళ్లొచ్చింది ఈ ఒక్కదాని మీదే. మిగతావి ర్యాంకుల దరఖాస్తులో చూపించుకోవడానికే పనికొస్తున్నాయి. ఇది పిల్లలకు చేస్తున్న అన్యాయం. విదేశంలో తెచ్చుకున్న మార్కులు మా మెమోలో ఎక్కడం ఇదే మొదటిసారి. అది నేను సాధించాను, గర్వంగానే చెప్పుకుంటాను.

మెమోలో 9.4 సరిగ్గానే ఉంది. సబ్జెక్టు పేరులో మాత్రం అచ్చుతప్పు పడింది. దిద్దించడానికి సోమవారం మళ్లీ వెళ్లాలి. ఈసారి ఆ కౌంటరు ముందుకి ఆ అమ్మాయిని తీసుకెళ్లను.