నీళ్ల బరువు, టైరు వయసు

ఈపొద్దు కర్నూల్లో నీళ్ల ట్యాంకు నింపగానే మా క్యాంపర్ వ్యాన్ (లోపలే వండుకుని పడుకునే బండి) ఎడమపక్కకు ఒరిగింది. వంద లీటర్లంటే వంద కిలోలు కదా! ట్యాంకు, బ్యాటరీ, గ్యాస్ సిలిండర్ మూడూ ఒకే పక్క బిగిస్తే ఇంతే. బ్యాటరీని కుడిపక్కకు మార్పిస్తున్నాం.

పిల్లలతో దూరం పోయేవాళ్లు టైర్లు చూడండి, దయచేసి. టైరు పక్కన డాట్ (DOT) అని మొదలయ్యే వరస చివర నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. క్యాంపర్ వ్యాన్లు తిరిగేదానికన్నా నిలబడేదే ఎక్కువ. టైరు మీది గాడి కొత్తదిలా కనిపిస్తుంది, రబ్బరు మాత్రం ఎండి పగుళ్లిచ్చి ఉంటుంది. మే నెల ఎండలో, నిండు బరువుతో అట్లాంటి టైరే పేలేది.

గాలి పొద్దున్నే, బండి కదలకముందే చూసుకోవాలి. నడిచాక వేడికి ప్రెషర్ పెరుగుతుంది. అప్పుడు తీయించేస్తే చల్లారాక తక్కువైపోతుంది.

జాతీయ రహదారి 44 పట్టుకుంటే శ్రీనగర్ దాకా అదే రోడ్డు. అట్లని ఉరకొద్దు. పిల్లలుంటే రోజుకు 300 కిలోమీటర్లు చాలు, రెండు గంటలకోసారి ఆపాలి. బండి నడుస్తున్నప్పుడు వెనక మంచం మీద పడుకోబెట్టొద్దు. ఎంత ఏడ్చినా సరే, సీటు, బెల్టు.