నంబరు ఒకటి, గేరుబాక్సు ఇంకొకటి

పన్నెండున్నర అయింది. చేతులు మూడుసార్లు కడిగినా గేరు ఆయిల్ వాసన పోవట్లేదు, నిద్రా రావట్లేదు. పొద్దున సంతలో ఆ పెద్దాయన అన్న మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది, రాసేస్తే పోతుందేమో అని కూర్చున్నా.

సీగల్ సంగతి మీకు తెలుసు కదా, పడవ వెనక తగిలించుకునే పాత ఇంగ్లీషు మోటారు, జనవరి నుంచి షెడ్డులో చెక్కకి బిగించి ఉంది, మా ఆయన సైకిల్ తీసుకోవాలన్నా దాన్ని దాటుకునే వెళ్ళాలి. దాని ప్రొపెల్లర్ స్ప్రింగు తుప్పు పట్టి విరిగిపోయిందని బోట్ జంబుల్‌కి వెళ్ళాను, అంటే పాత పడవ సామాన్ల సంత, ఆదివారం పొద్దున్నే పెడతారు, తాళ్ళూ లంగర్లూ తెరచాపలూ అన్నీ నేల మీద పరిచేసి. ఈ మోటార్లలో ప్రొపెల్లర్‌ని షాఫ్టుతో కలిపి తిప్పేది పిన్ను కాదు, లావుపాటి స్ప్రింగు. రాయికి తగిలితే ఆ దెబ్బ ముందు స్ప్రింగే తీసుకుంటుంది, గేర్లు బతికిపోతాయి. స్ప్రింగు దొరికింది. అమ్మిన పెద్దాయన ఏ మోడలమ్మా అని అడిగితే సంబరంగా ఫోన్ తీసి ఫోటోలు చూపించి నంబరు చెప్పాను.

ఆ నంబరు నాకు ఎంత కష్టం మీద దొరికిందో ఆయనకేం తెలుసు. ఇంతకుముందు ఈ మోటారు ఎవరి దగ్గర ఉందో గానీ ఆ మహానుభావుడు మొత్తానికి నీలం పెయింటు కొట్టేశాడు, బ్రష్షుతో, రెండు మూడు కోటింగులు. ట్యాంకు మీద, కార్బొరేటర్ మీద, చివరికి ప్లగ్గు తెల్ల పింగాణీ మీద కూడా. పెయింటు కొట్టాలనిపిస్తే కొట్టుకోవచ్చు, కానీ కొట్టే ముందు ఒక గుడ్డతో తుడవాలి కదా, గ్రీజు మీదే కొట్టేస్తే అది లోపలికి మట్టిని పట్టుకుని గట్టిపడి రాయి అయిపోతుంది. క్రాంక్‌కేస్, అంటే ఇంజను అడుగు డొప్ప, దాని మీద అచ్చు కొట్టిన నంబరు అంతా పూడిపోయింది. మూడు సాయంత్రాలు థిన్నర్‌తో, పాత టూత్‌బ్రష్‌తో, ప్లాస్టిక్ ముక్కతో గోకాను, ఇనుపది వాడితే మెత్తటి అల్యూమినియం కదా, అక్షరాలే పోతాయని భయం. ఆఖరికి లైటు ఆర్పేసి ఫోన్ టార్చి పక్కనుంచి వేసి, వంటింట్లోంచి చిటికెడు బియ్యప్పిండి తెచ్చి వేలితో అద్దితే అప్పుడు తేలాయి తెల్లగా, డబ్ల్యూ ఎస్ పీ సీ, తర్వాత అంకెలు, చివర ఏ 4. చివరి అక్షరం నెల, అంకె సంవత్సరం. అంటే 1974 జనవరి. సెంచరీ ప్లస్ అనే మోడలు, 102 సీసీ. నాకంటే పెద్దది! ఆ రాత్రి ఎంత సంతోషంగా పడుకున్నానో.

పెద్దాయన ఫోటో జూమ్ చేసి చూసి, అంకెల ముందు అక్షరాల్లో చివర సీ ఉందంటే క్లచ్ ఉన్న మోడలు, మరి క్లచ్ లివర్ ఏదీ అన్నాడు. లేదు. గేరుబాక్సు డైరెక్ట్ డ్రైవ్‌ది, అంటే క్లచ్ లేకుండా నేరుగా తిప్పేది, వేరే మోటారుది. కార్బొరేటర్ కూడా దీనిది కాదన్నాడు. ఇది మోటారు కాదు, ముక్కల మూట, విప్పేసి స్పేర్లుగా అమ్ముకో, డబ్బులైనా వస్తాయి అని చిల్లర నా చేతిలో పెట్టి ఇంకొకళ్ళతో మాట్లాడ్డం మొదలుపెట్టాడు. అంతే. కోపంగా కూడా అనలేదు, రేటు చెప్పినట్టు చెప్పాడు.

దారంతా కారులో అదే. ఆయన చెప్పింది నిజమే, అక్కడే మంట. నెలల తరబడి రోజూ చూస్తూ లివర్ లేదన్న సంగతి నాకు ఎందుకు తట్టలేదు? మా ఆయన్ని అడిగితే పోనీ ఆ క్లచ్ గేరుబాక్సే వెతుకుదాంలే, ఎక్కడో ఒకచోట దొరక్కపోదు అన్నాడు. సరే, ఎంతైనా సరే కొనేస్తాను, 1974లో పూల్ అనే ఊళ్ళో సీగల్ ఫ్యాక్టరీ గేటు దాటినప్పుడు ఎలా ఉందో అలాగే చేస్తాను అనుకుంటూ ఇంటికొచ్చా. పూల్ మాకు గంట దూరం, అందుకే ఈ చుట్టుపక్కల పాత షెడ్డు ఏది తెరిచినా ఒక సీగల్ కనిపిస్తుంది. 1931లో వుల్వర్‌హాంప్టన్‌లో మొదలై ఇటు పూల్‌కి వచ్చిన మోటారు, యుద్ధంలో నేవీకి కూడా తయారుచేశారు. దశాబ్దాల పాటు దాని రూపం పెద్దగా మార్చలేదు. కిందికి దిగే రెండు గొట్టాలు, నలుపలకల షాఫ్టు, అడుగున గేరుబాక్సు. అందుకే ఒకదాని ముక్క ఇంకోదానికి సరిపోతుంది, ఎవరికి ఏది దొరికితే అది బిగించుకున్నారు.

సాయంత్రం స్ప్రింగు వేసి, చెత్త డబ్బాలో నీళ్ళు నింపి దించాను. పది పాళ్ళ పెట్రోలుకి ఒక పాలు ఆయిల్, ఫ్యాక్టరీ వాళ్ళు మొదట చెప్పిన లెక్క అదే. తాడు ముడి ఫ్లైవీల్ గాడిలో పెట్టి, చుట్టి, చిన్నోడిని వెనక నుంచి పక్కకి జరగమని (లాగగానే తాడు ఊడొచ్చి వెనకున్న వాళ్ళ మొహం మీద కొడుతుంది) లాగాను. ఆరోసారికి అందుకుంది. పదిహేను సెకన్లు, ఇరవై సెకన్లు. నీళ్ళు ఎగిరి మా అందరి మీదా పడ్డాయి. తర్వాత ఆగిపోయింది.

ఆ నీలి పొగ ముక్కుకి తగలగానే మండపేట ఇల్లు, అరుగు ముందు నాన్న రాజ్‌దూత్.

ఆదివారం అంటే ఆ బండి విప్పే రోజు. టార్చిలైటు పట్టుకునే డ్యూటీ నాది. "లైటు ఇటు పట్టమ్మా, నా మొహం మీద కాదు." ప్లగ్గు ఊడదీసి హెడ్డుకి ఆనించి కిక్కు కొట్టమంటే రెండు కాళ్ళతో ఎక్కి తొక్కేదాన్ని, నీలంగా మెరిస్తే నాన్న తల ఊపేవారు, ఎర్రగా వస్తే మళ్ళీ పాయింట్లు తెరిచేవారు. పాయింట్ల మధ్య సందు చూడ్డానికి ఆయన దగ్గర గేజి లేదు, పోస్టుకార్డు ముక్క దూర్చి చూసేవారు. ఇప్పుడు నా సీగల్ పాయింట్లకి గేజితో ఇరవై థౌ పెడుతుంటే, అంటే అంగుళంలో వెయ్యో వంతులు ఇరవై, ప్రతిసారీ ఆ పసుపు కార్డు ముక్కే కళ్ళముందుకొస్తుంది. ఆ బండికి సైలెన్సర్ వేరే బండిది, హెడ్‌లైటు ఇంకోదానిది, ఇంజనే ఒకసారి మార్పించారు. 1998లో అమ్ముదామనుకుంటే కొనడానికొచ్చినాయన కిరసనాయిలు గుడ్డతో ఇంజన్ నంబరు తుడిచి, ఆర్‌సీ బుక్కుతో పోల్చి, కలవట్లేదు మాస్టారూ అని వెళ్ళిపోయాడు. నాన్న ఏం మాట్లాడలేదు. గుడ్డ తీసుకుని, ఆయన తుడిచిన చోట మళ్ళీ ఒకసారి తుడిచారు. బండి పెరట్లో వానకి తడిసి తడిసి చివరికి పాత ఇనప సామాన్ల వాడికి కేజీల లెక్కన పోయింది. నేను హాస్టల్లో ఉన్నా, చూళ్ళేదు. పదేళ్ళు ముగ్గురిని మోసిన బండి అది, రామచంద్రాపురం, కాకినాడ, అన్నవరం, ఎక్కడికంటే అక్కడికి. నంబరు కలవనంత మాత్రాన అది బండి కాకుండా పోయిందా?

అందుకని గేరుబాక్సు మార్చను. క్లచ్ అరిగిపోయినప్పుడు ఎవరో చేతికి దొరికినది బిగించుకుని మళ్ళీ చేపలకి వెళ్ళి ఉంటారు. అది కూడా ఈ మోటారు కథే, నేనెందుకు చెరపాలి.

ఇది రాస్తూ మళ్ళీ అనుమానం. మరి ఆ నీలం పెయింటు కూడా కథేనా? దాన్ని మాత్రం నేను గోకేస్తున్నా కదా. ఆయన కూడా తన మోటారు బాగుండాలనే కొట్టాడేమో, తుప్పు పట్టకూడదనే కొట్టాడేమో. కానీ నంబరు మీద కొట్టడం మాత్రం క్షమించలేను, అది వేరే. ముక్కలు మార్చుకోవచ్చు, ఏది ఎక్కడిదో తెలియకుండా చేయకూడదు. పుస్తకంలో రాసి పెడతాను, క్రాంక్‌కేస్ 1974 జనవరి, గేరుబాక్సు వేరేది, కార్బొరేటర్ వేరేది, స్ప్రింగు ఈ ఆదివారంది అని. తర్వాత ఎవరి చేతికి వెళ్ళినా వాళ్ళు బియ్యప్పిండి వెతుక్కోనక్కర్లేదు.

ట్యాంకు సగం గోకాను, ఒక పక్క ఇత్తడి, ఒక పక్క నీలం. మిగతా సగం సంగతి ఇంకా తేల్చుకోలేదు. గేరుబాక్సు ఆయిల్ వంపితే చిక్కటి మజ్జిగలా తెల్లగా వచ్చింది, నీళ్ళు వెళ్ళాయి. రబ్బరు సీలు లేని పాత గేరుబాక్సు, వెళ్తాయి. 140 గ్రేడు ఆయిల్ డబ్బాలో అడుగున కొంచెమే ఉంది, రేపు కొనాలి. అమ్మకి ఫోన్ చేసి నాన్న స్పానర్ల సంచీ ఇంకా అటక మీదే ఉందా అని కూడా అడగాలి.